ముక్తేశ్వరంలో నేను కనిపెట్టిన పుట్టగొడుగు

ముక్తేశ్వరంలో మిత్రుడి ఇంటికి వెళ్ళినప్పుడు, వాళ్ళ పిన్నిగారు కరుణమ్మ టీచరు నన్ను కొబ్బరితోటలోకి పుట్టగొడుగులకు తీసుకెళ్ళారు. ముందురోజు బాగా ఉరిమింది. ఉరుముకి భూమి విచ్చుకుంటే ఇవి పైకొస్తాయని అక్కడి నమ్మకం. నిజమేనేమో, చెదపుట్ట చుట్టూ తెల్లగా గుంపులు గుంపులుగా ఉన్నాయి! ఆవిడ గంటసేపు ఒక్కొక్కటీ తిప్పి చూసి బుట్ట నింపారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు దొరికే కూర. ఇంట్లో ఆరుగురు ఎదురుచూస్తున్నారు.

నాకు ఊరికే ఉండడం చేతకాదు. కాలవగట్టున వాటన్నిటికన్నా అందమైనదొకటి కనబడింది. జీవితంలో నేను స్వయంగా కనిపెట్టిన మొదటి వస్తువు అదే. పరుగున తెచ్చి బుట్టలో పడేసి, సంబరంగా కలిపాను కూడా. అది ముక్కలైంది.

"ఇది పుట్ట దగ్గరది కాదు కదండీ?" అన్నారావిడ.

"గట్టు మీదదండీ. అనుమానమైతే వెండి ఉంగరం వేసి ఉడికిద్దాం. విషముంటే నల్లబడుతుందట కదా!"

"ఆయ్, అలాగే అంటారండీ. అది నమ్మినోళ్ళ ఉంగరాలైతే మిగిలేయండీ," అంటూ బుట్ట మొత్తం గోతిలో బోర్లించారు.

"అయ్యో, నాదొక్కటే తీసేస్తే సరిపోదాండీ?"

"ఏ ముక్క ఎక్కడుందో ఏరి, ఆరుగురికి వడ్డించే ధైర్యం నాకు లేదండీ. మీతో ఏడుగురు."

మధ్యాహ్నం అందరూ పప్పన్నం తిన్నారు. "ఈసారి ఒక్కటీ మొలవలేదర్రా," అన్నారు టీచరుగారు, నా వైపు చూడకుండా.

నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. కనిపెట్టడమంటే మాటలా, బాగా ఆకలేస్తుంది.