పానం బాగలేదు

హైదరాబాదులో బీఎస్సీ చదివే రోజుల్లో ఒక ఏడాది నాకు ఏ పనీ చేతకాకుండా పోయింది. తరగతిలో కూర్చునేదాన్ని గానీ పాఠం చెవికెక్కేది కాదు. రాత్రి నిద్ర ఉండేది కాదు, పగలు మంచం దిగబుద్ధయ్యేది కాదు. ఇంట్లో దాన్ని బద్ధకం అన్నారు. నేనూ అదేననుకున్నాను.

పరీక్షల ముందు, చేతిలో పుస్తకం తెరిచి పట్టుకుని రైల్లో మా ఊరు తాండూరు వెళ్తుంటే, వికారాబాదులో బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ముసుగు పైకి తీసి చాలాసేపు నన్నే చూసింది.

"పేజీ తిప్పుతలేవేంది బిడ్డా?" అంది.

"ఎంత సదివినా ఎక్కుతలేదమ్మా," అన్నాను. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు.

"నా బిడ్డ గూడ గిట్లనే కూసుండేది. పనిదొంగ అని మస్తు తిట్టిన. ఒకనాడు బాయి నీళ్లల్ల తేలింది."

ఆమె నా చేతిలోని పుస్తకం మెల్లగా తీసుకుని, మూసి, తన ఒళ్లో పెట్టుకుంది.

"జర పండుకో. తాండూరు వచ్చినంక లేపుత."

ఎన్నాళ్లకో కన్నంటుకుంది.

స్టేషనుకు నాన్న వచ్చాడు. ఆమె పుస్తకాన్ని ఆయన చేతికే ఇచ్చింది.

"భాయ్, గీ పిల్లకు పానం బాగలేదు. తిట్టకుండ్రి," అని జనంలో కలిసిపోయింది.

ఆసారి నేను పరీక్ష తప్పాను. ఆ జబ్బు చాలా ఏళ్లు నన్ను వదల్లేదు. కానీ మర్నాడు పొద్దెక్కాక అమ్మ నన్ను లేపబోతే, నాన్న గడపలో అడ్డంగా నిలబడి, "పండుకోనియ్యి," అన్నాడు.