పెత్రమాసకు ఒక పేరు తక్కువ

పెత్రమాస వస్తుందంటే మా బాపుకు దిగులు. పొద్దున్నే స్నానం చేసి, చాటలో బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు పెట్టుకొని కోరుట్లలో అయ్యగారి ముందు కూర్చునేవాడు. చనిపోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, వాళ్ళ పేరు మీద ఆ బియ్యం ఇవ్వాలి. తండ్రి పేరు గట్టిగానే చెప్పేవాడు. తాత పేరు దగ్గరికి వచ్చేసరికి "తెల్వదు అయ్యగారూ" అనేవాడు. అయ్యగారు ఏదో మంత్రం చదివి సర్దేసేవారు. బాపుకు మాత్రం మనసు సర్దుకునేది కాదు. పేరు పెట్టి పిలవనిదే ఎవరైనా విస్తరి ముందుకు వస్తారా, మా తాత ఏటా ఆకలితోనే మళ్ళిపోతున్నాడు అని ఆ రోజు తనూ సగమే తినేవాడు.

నేను బస్సు కండక్టర్ని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మధ్య నా బస్సు ఎక్కని ఊరివాళ్ళు లేరు. ముక్కూ మొహం తెలియని వాళ్ళను అడిగి అడిగి బతికేదాన్ని, ఒక్క పేరు అడిగి తేలేనా అనుకున్నాను. అంతలో బాపుకు గుండె ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చాక నా చెయ్యి పట్టుకొని, "నేను పోయేలోపు మా తాతకు ఒక్కసారన్న పేరు మీద బియ్యం ఇయ్యాలె బిడ్డా" అన్నాడు. అన్నలిద్దరూ మస్కట్‌లో ఉన్నారు. ఫోన్ చేసి చెబితే, "పెండ్లయి పోయిన ఆడపిల్లవు, గీ వంశం లొల్లి నీకెందుకే?" అని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. సెలవు దొరకగానే బాపును వెంటబెట్టుకొని బయల్దేరాను.

మాకు తెలిసింది కొంచెమే. చేన్లు ఎండి, తాటిచెట్లు కూడా కల్లు పారడం మానేసిన కరువులో, అప్పటికి చంటిపిల్లవాడైన బాపును ఎత్తుకొని ఆయన అమ్మానాన్నలు కోనరావుపేట దిక్కు నుంచి నడిచి వచ్చారు. ఆయన తండ్రి మోకు భుజాన వేసుకొని పెగడపల్లి దగ్గర తాళ్ళెక్కాడు. కొన్నాళ్ళకే జ్వరంతో పోయాడు. తల్లి, అంటే మా బాపమ్మ, కోరుట్లకు చేరి బీడీలు చేసి కొడుకును పెంచింది. తండ్రి పేరు బాపుకు ఆయనతో తాళ్ళెక్కిన గీత కార్మికులు చెబితేనే తెలిసింది. ఎందుకంటే బాపమ్మ మొగుడి పేరు గానీ మామ పేరు గానీ నోటితో తీసేది కాదు. ఆ కాలపు కోడళ్ళందరూ అంతే. ఎవరైనా అడిగితే పక్కనున్న ఆడబిడ్డ అందుకొని చెప్పాలి. పరాయి ఊళ్ళో ఆమెకు ఆడబిడ్డ ఎక్కడుంది? బాపు దుబాయి పోయేముందు గట్టిగా అడిగితే, "మామ పేరు నేనెట్ల తీస్తరా, కండ్లు పోవా?" అందట. ఆయన తిరిగి వచ్చేసరికి ఆమె లేదు.

కోనరావుపేట చుట్టుపక్కల ఊళ్ళలో కల్లు మండువల దగ్గర ఆగి మా ఇంటిపేరు చెప్పి అడుగుతూ పోయాను. బాపు సిగ్గుపడుతూ నా వెనకాల నిలబడేవాడు. చివరికి ఒక ఊళ్ళో మావాళ్ళ ఇల్లు దొరికింది. ఆ ఇంటాయన బాపుకు చిన్నాయన కొడుకు. మంచం వాల్చి చాయ్ ఇచ్చాడు, కాసేపు మంచిగానే మాట్లాడాడు. "అవునే తమ్మీ, మన తాత పేరేంది?" అని బాపు అడగగానే ఆయన మొహం మాడిపోయింది.

"గిప్పుడెందుకు గది? భూమిల పాలు అడుగుదామని అచ్చిండ్రా?"

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. బాపు మొహం చూసి నేను ఊరుకోలేకపోయాను. "మీ భూమి మీ తాననే ఉండనీ చిన్నాయనా. మాకు గుంట జాగ వద్దు, పేరొక్కటి చెప్పు చాలు" అన్నాను.

"ముసలోళ్ళ పేర్లు నాకు యాదికి లేవు. వీర్నపల్లిల మా మేనత్త ఉన్నది, గామెనడుగుండ్రి" అని లేచాడు. తాత పేరు మరిచిపోయేంత అమాయకుడిలా కనబడలేదు. మమ్మల్ని వదిలించుకోబోయి దారి చూపించాడు పాపం.

వీర్నపల్లిలో ఆమె అరుగు మీద కూర్చొని కందికాయలు ఒలుస్తోంది. ఎనభై దాటి ఉంటుంది. "అవ్వా, కరువుల కోరుట్ల దిక్కు పోయిన మీ అన్న లేడా, గాయన కొడుకు అచ్చిండు" అన్నాను. ఆమె చేతిలో కాయలు అక్కడే పడేసి, బాపును కిందికి వంచి, గడ్డం పట్టుకొని చూసింది. ఒక పేరు పెట్టి పిలిచి భోరున ఏడ్చింది.

"గది నా పేరు కాదత్తా" అని బాపు మెల్లగా తన పేరు చెప్పాడు.

ఆమెకు ఏడుపు ఆగి కోపం వచ్చింది. "తొట్టెల నీ చెవుల పేరు చెప్పిందాన్ని నేను! నాకే చెప్తవా? మా అయ్య పోయిన ఏడే నువ్వు పుట్టినవు. గందుకే మా అయ్య పేరు నీకు పెట్టిన."

మా దగ్గర పిల్లలను తొట్టెలలో వేసిన రోజు పేరు పెట్టేది మేనత్తే. బాపు అరుగు మీద కూర్చొని అప్పుడు చెప్పాడు. తనను బడిలో వేసినప్పుడు సారు పేరడిగితే బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడిందట. సారే ఒక దేవుడి పేరు రాసుకున్నాడు. ఆ పేరే పాస్‌పోర్టు దాకా వచ్చింది. ఇంట్లో ఆమె ఎప్పుడూ "ఓ పిల్లగా" అనే పిలిచేదట. మామ పేరున్న కొడుకును ఇంకెట్లా పిలుస్తుంది? నాకు బాపమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. అంతలోనే ఆ కోపం దిగిపోయింది. కన్న కొడుకును ఒక్కనాడూ పేరుతో పిలుచుకోలేదు ఆ తల్లి.

మధ్యాహ్నం అన్నానికి ఆ మేనత్త లోపలి నుంచి ఆ పేరుతో పిలిచింది. బాపు ఇంకెవరినో అనుకొని కూర్చునే ఉన్నాడు. నేను భుజం తట్టి, "నిన్నే బాపూ" అన్నాను. ఆయన గబగబా లేచాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. ఊళ్ళు తిరిగి తెచ్చుకున్నది మా ఇంటి కోసం.

ఆ ఏడు పెత్రమాసకు నేనూ బాపు వెంట వెళ్ళాను. అయ్యగారు అడగకముందే బాపు తండ్రి పేరు, తాత పేరు వరుసగా చెప్పేశాడు. అయ్యగారు సంతోషించి, బియ్యం ఇచ్చేవారి పేరు కూడా చెప్పమన్నారు. బాపు మళ్ళీ తాత పేరే చెప్పాడు.

"అది మీ తాతగారిది. నేను అడిగేది మీ పేరు. ఏటా చెప్పేవారు కదా" అన్నారు అయ్యగారు.

బాపు దోసిట్లోకి బియ్యం తీసుకున్నాడు. "నాది గూడ గదే అయ్యగారూ" అన్నాడు. "ఇన్నేండ్లు నాకు తెల్వదు."