ర్యాంపు మీద నాటిన మొక్క

మా ఇంటి ఓనరు సారు పోయారు. పోయిన ఆదివారం పొద్దున్నే పాల ప్యాకెట్ తెచ్చుకుని, గిన్నెలో పోస్తూ వంటింట్లో కూలబడ్డారు. ఆయన భార్య కేక విని మేం మేడ మీంచి పరుగెత్తుకొచ్చేసరికే అంతా అయిపోయింది.

చదువుతున్న మీలో ఆయన క్లాసులో కూర్చున్నవాళ్లూ ఉండొచ్చు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ రాసేవాళ్లకు పాలిటీ, అంటే రాజ్యాంగం పాఠాలు, చెప్పేవారు. నల్లగొండ మనిషి. మేం గుంటూరు నుంచి వచ్చి, ఎల్బీనగర్ దగ్గర ఆయన మేడ మీద అద్దెకు దిగాం. ఓనర్లను చాలామందినే చూశాను. మారు తాళంతో తలుపు తీసి, పొయ్యి గట్టు తుడిచామో లేదో చూసిపోయేవాళ్లు కూడా ఉంటారు. ఈయన ట్యాంకు చూసుకోవడానికి మేడెక్కాలన్నా మెట్ల కింద నిలబడి, "బిడ్డా, పైకి రావచ్చునా?" అని అడిగేవారు. "మీ ఇల్లే కదండీ" అంటే, "కిరాయికిచ్చినంక మీ ఇల్లే. పిలిస్తెనే ఒస్త. సర్కారైనా గంతే ఉండాలె" అనేవారు. ఇప్పుడు నేను మా అమ్మాయి గదిలోకి కూడా తలుపు తట్టే వెళ్తున్నాను. అది ఆయన దగ్గర నేర్చుకున్నదే.

పిన్నిగారని నేను పిలిచేది సారు భార్యను. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆవిడ కోసం సారు గేటు ముందు సిమెంటుతో చిన్న ర్యాంపు కట్టించారు. సాయంత్రం క్లాసు లేకపోతే చక్రాల కుర్చీలో వీధి చివర మిర్చి బజ్జీల బండి దాకా తీసుకెళ్లేవారు. బజ్జీ చీల్చి, గింజలు గోటితో తీసేసి, ఊది మరీ ఆవిడ చేతికిచ్చేవారు. "గింజల్లేకుంటే గదేం మిర్చి?" అని ఆవిడ రోజూ దెప్పేవారు. ఆయన రోజూ తీసేవారు. చూస్తుంటే నాకు ముచ్చటేసేది.

ఆ ముచ్చట కాస్తా ఒక సినిమా హీరో పాలబడింది. పేరు రాసి నా కలం పాడుచేసుకోను. ఇంటింటి ముందూ మొక్క నాటిస్తానని బయల్దేరి, మా కాలనీకీ వస్తున్నాడన్నారు. ముందురోజు కెమెరావాళ్లు వచ్చి వీధంతా తిరిగి, వెలుతురు సారు గేటు ముందే బాగుందన్నారు. అంతే, మున్సిపాలిటీవాళ్లు గడ్డపారలతో దిగారు. ఆ ర్యాంపు రోడ్డు మీదికి వచ్చిందని వాళ్లకు ఆ రోజే గుర్తొచ్చింది మరి!

సారు బతిమాలారు. "చెట్టు వద్దంటలేనయ్యా. జర పక్కకు నాటుండ్రి, నీళ్లు నేనే పోస్త. ఆమె బయటికెట్ల రావాలె?"

"పైనుంచి ఆర్డర్ సార్" అన్నాడు ఆఫీసరు.

మా కాలనీ ప్రెసిడెంటు ఇంకా ఘనుడు. "అంకుల్, హీరో ఒస్తుండు, జర అడ్జస్ట్ గాండ్రి" అంటూ సారును భుజం పట్టి పక్కకు జరిపాడు. సెల్ఫీ కోసం ఎంతకైనా దిగజారతారా మనుషులు! మున్సిపాలిటీవాళ్లు ర్యాంపు పగలగొట్టి, సరిగ్గా గేటుకెదురుగా గొయ్యి తవ్విపోయారు.

మర్నాడు హీరో వచ్చాడు. వెనకాల వరసగా కార్లు, ఏసీ కోసం ఇంజన్లు ఆపకుండా. వీధి నిండా కమ్ముకున్న ఆ పొగలోనే నిలబడి భూమాత గురించి చెప్పాడు. రెండు పారల మట్టి వేసి, చేతులు తుడుచుకున్న కాగితం అక్కడే పడేసి వెళ్లిపోయాడు. మొక్క చుట్టూ ఇనుప కంచె, దాని మీద మొక్క కంటే పెద్దది ఆయన బొమ్మ. ఛీ! పైగా సారు బతిమాలిన వీడియో ఎవడో ఫోన్లో పెట్టాడు, చెట్టుకు అడ్డుపడ్డ ముసలాడని. ఊరూ పేరూ లేనివాళ్లంతా తిట్టిపోశారు. నేను ఏడుపు మొహంతో చూపిస్తే సారు కళ్లజోడు సర్దుకుని అన్నీ చదివారు. "తిట్టనీ బిడ్డా. తిట్టే హక్కున్నదని పోరగాళ్లకు చెప్పేది నేనే గదా" అన్నారు.

రోజూ ఆయనే నీళ్లు పోశారు. అయినా ఎండాకాలం రాకముందే మొక్క ఎండిపోయింది. కంచె మాత్రం కదల్లేదు. తీసేయమని సారు వార్డు ఆఫీసు చుట్టూ తిరిగారు. చెట్టు తియ్యాలంటే పర్మిషన్ కావాలట. "సచ్చినదానికి గూడనా?" అంటే, చచ్చిందో లేదో పెద్దసారు వచ్చి చూడాలట. ఆ పెద్దసారు రానేలేదు. నాకు ఒళ్లు మండి, "మా ఆయన చేత పీకించి పారేయిస్తానండీ" అన్నాను. ఒప్పుకోలేదు.

"వాళ్లు ఇరగ్గొట్టిన్రు, వాళ్లే కట్టాలె. అడుగుత. అడుగుడు నా పని."

ఆ మంకుపట్టు చూసి ఆయన మీదా కోపమొచ్చేది నాకు. బజ్జీలు పొట్లం కట్టించి ఇంటికే తెచ్చేవారు. "సల్లగైనయి" అని పిన్నిగారు పక్కన పెట్టేసేవారు. ఆవిడ వీధి చూసి ఏడాది దాటిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం పాడె లేచింది. "నేను గూడ పోత" అన్నారు పిన్నిగారు. కుర్చీ గేటు దాకా తెచ్చాం. ఎదురుగా కంచె. పాడె ముందుకు సాగిపోతోంది.

"అమ్మా, నువ్వు లోపలుండు" అన్నాడు ప్రెసిడెంటు.

మా ఆయన, సారు దగ్గర చదువుకున్న ఇద్దరితో కలిసి కంచె పట్టుకుని ఊపి పెళ్లగించేశాడు. ఎండిన మొక్క కూడా దాంతోపాటే వచ్చేసింది. వేళ్ల చుట్టూ నర్సరీవాళ్ల నల్ల ప్లాస్టిక్ కవరు అలాగే బిగుసుకుని ఉంది. ఆ మహానుభావుడు కనీసం కవరు కూడా చింపకుండా పాతిపెట్టాడు.

పిన్నిగారు దాన్ని తన ఒళ్లో పెట్టమన్నారు. "దీన్ని గూడ ఇడ్సిపెట్టలే" అన్నారు.

కుర్చీ ఎత్తి వీధిలో దించాం. పాడె వెనక తోసుకుంటూ వెళ్తుంటే ఆవిడ కుడిచేత్తో ఆ కవరు చింపుతూనే ఉన్నారు. మట్టి చీర మీదికీ, రోడ్డు మీదికీ రాలుతోంది.