ఆటిజం మేడం ఎక్కడున్నా రావాలె

నాకు ఆటిజం ఉందని డాక్టర్ చెప్పేనాటికి ముప్పై ఏళ్లు దాటాయి. ఆ సంగతి ఎలా పొక్కిందో గాని, పెద్దపల్లిలో అవగాహన ర్యాలీ పెడుతున్న ఒక సారు ఇంటికి వచ్చి మరీ నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. మా అవ్వ మురిసిపోయి తనూ బయలుదేరింది.

ర్యాలీ ముందు డీజే బండి. నేను మరమగ్గాల చప్పుడులో పెరిగినదాన్నే, కానీ మగ్గం ఒకే తీరుగా మోగుతుంది. ఈ డీజేకు దుకాణాల షట్టర్లు వణుకుతున్నాయి. పైగా ఎండకు నీలం బెలూన్లు టప్పున పేలుతున్నాయి.

ఒక అమ్మాయి నా చేతిలో కరపత్రం పెట్టింది.

"ఆటిజం ఉన్నోళ్లు మన మొకం దిక్కు చూడరు మేడం. జర ఇటు చూడుండ్రి, మీకే చెప్తున్న!"

"వింటున్న," అన్నాను ఆమె చెప్పులను చూస్తూ.

"పెద్ద సప్పుళ్లు వాళ్లకు అస్సలు పడవు!" అని ఆమె డీజేను మించి అరిచింది.

అప్పుడే నా చెవి పక్కన ఒక బెలూన్ పేలింది. నేను ఉరికి ఒక చాయ్ హోటల్ వెనక గదిలో దూరాను.

అక్కడ ఉల్లిగడ్డ బస్తా మీద ఒకాయన చెవులు మూసుకుని కూర్చున్నాడు. నా చీరకు ఉన్న అతిథి బ్యాడ్జీయే ఆయన చొక్కాకూ ఉంది.

"మీరు గూడనా?" అన్నాను.

"లక్సెట్టిపేట నుంచి పిలిపిచ్చిండ్రు," అన్నాడాయన గోడతో. "ఉపన్యాసం రాసుకొచ్చిన. ఏడ చదవాలె?"

"నాకు చదువుండ్రి."

సగం ఉపన్యాసం బనీను మెడ వెనక గుచ్చుకునే లేబుల్ గురించే. నాలాగే ఆ కష్టం పడ్డ మనిషి దొరికాడని నాకు నవ్వు ఆగలేదు.

బయట మైకు మోగింది. "ఆటిజం మేడం ఎక్కడున్నా స్టేజి కాడికి రావాలె! ఆటిజం సారు గూడ తప్పిపోయిండు!"

వెతుక్కుంటూ ముందు అవ్వ, వెనక సారు వచ్చారు.

"మేడం, గీ కార్యక్రమం మీకోసమే గదా!"

"డీజే బంద్ చేస్తే వస్తం సార్."

"డీజే లేకుంటే జనం ఎట్లొస్తరు?"

"వచ్చిన జనం ఏడికి పోరు గని, నువ్వు జరుగు," అని అవ్వ కొంగు నడుముకు దోపి వెళ్లింది. ఏ తీగ గుంజిందో, డీజేతో పాటు మైకూ చచ్చిపోయింది.

మేమిద్దరం బయటికి వచ్చాం. మైకు లేక జనమంతా మా దగ్గరికి జరిగారు. లక్సెట్టిపేట ఆయన తన ఉపన్యాసం మెల్లగా చదివాడు. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి చాలామంది మెడ వెనక గోక్కోవడం మొదలుపెట్టారు.

"నా అంగికి గూడ ఉన్నది మేడం," అన్నారు సారు నాతో గుసగుసగా. "పొద్దటి సంది పరేషాన్ చేస్తుంది."