అద్దాల పెట్టెలో వాలుగ దవడ

మ్యూజియాలంటే నాకు మొదటినుంచీ పడదు. నిన్నటిదాకా చేతిలో ఆడిన వస్తువుని ఎవరో పట్టుకొచ్చి, అద్దం వెనక పెట్టి, ముట్టుకోవద్దని బోర్డు తగిలిస్తే అది గొప్పదైపోతుందన్న మాట నా బుర్రకి ఎక్కదు. అయినా ఒక మ్యూజియం చూడటానికి ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్ళాను. కారణం మా మేనత్త సూరమ్మ. ఆవిడది పొందూరు. ఊహ తెలిసినప్పటినుంచీ సన్న ఖద్దరుకి నూలు వడుకుతోంది. నాలుగేళ్ళ కిందట ఇద్దరు పెద్దమనుషులు జీపులో వాళ్ళ వీధికి వచ్చి, విశాఖపట్నంలో చేతిపనులకీ చేనేతకీ మ్యూజియం పెడుతున్నామని చెప్పి, అత్త పత్తి దువ్వే చేప దవడ అడిగి పట్టుకెళ్ళారు. "నీ పని అద్దాల పెట్టెలో ఉంటుంది, అందరూ చూస్తారు" అన్నారట. నాలుగేళ్ళుగా అత్త ఆ మాట చెప్పుకోని ఇల్లు ఆ వీధిలో లేదు. నువ్వు చూశావా అని వాళ్ళు అడిగితే మాత్రం నోరు మూసుకునేది. ఇప్పుడు కుడికంటికి శుక్లం ముదిరింది, వచ్చే నెల ఆపరేషన్ అన్నారు. కన్ను కోయించుకునే ముందు ఒక్కసారి చూసి రావాలని పట్టుబట్టింది.

తెలియనివాళ్ళ కోసం ఈ దవడ సంగతి కాస్త చెప్పాలి. పొందూరు ఆడవాళ్ళు కొండపత్తిని గింజ మీద ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని పళ్ళు సూదిమొనల్లా సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ పళ్ళ సందుల్లోంచి లాగితే చెత్తాచెదారం రాలిపోయి పోగులన్నీ ఒకవైపుకి సాగుతాయి. ఇనప దువ్వెనలు పెట్టి చూశారు, పోగు తెగిపోయింది. అందుకే ఇప్పటికీ ఆ ఎముకే. ఒక్కో దవడ కొన్నేళ్ళు వస్తుంది, తర్వాత పళ్ళు అరిగిపోతాయి.

నేను ఉండేది కంచరపాలెం, పని కూర్మన్నపాలెం దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి ఆఫీసులో టైపిస్టుగా. ముందురోజు సాయంత్రమే పొందూరు వెళ్ళి, తెల్లవారి ఆరింటి పాసింజరుకి అత్తని ఎక్కించాను. మనిషికి నాలుగు రూపాయల లోపే టిక్కెట్టు. చీపురుపల్లిలో సీటు దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకండి. విజయనగరంలో సగం పెట్టె ఖాళీ అవుతుంది, అప్పుడు కూర్చోవచ్చు. కొత్తవలస దాటాక అత్త సంచి విప్పి ఒక గుడ్డమూట చూపించింది. అందులో గుప్పెడు కొండపత్తి, ఒక దవడ ఉన్నాయి. ఇదెందుకని అడిగితే మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. జీపువాళ్ళు వచ్చిన రోజున పళ్ళు అరిగిన పాత దవడ వాళ్ళకిచ్చి, మంచిది పనికి దాచుకుందట. నాలుగేళ్ళుగా అది మనసులో పీకుతోందట. అరిగిన దాన్ని చూసి పొందూరు పని ఇంతేనా అనుకుంటారేమోనని, మంచిది ఇచ్చి మార్పించుకోవడానికి తెచ్చిందన్నమాట. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. ఆఫీసులో నా టైపు తప్పులకి నేను ఏనాడూ అంత బాధపడలేదు.

తొమ్మిదిన్నరకి విశాఖపట్నం స్టేషన్లో దిగాం. బయట రిక్షాలు మూడు రూపాయలంటాయి, రెండున్నరకి వస్తాయి. మా రిక్షా అతను కంచరపాలెం మనిషే కావడంతో బేరం లేకుండా పోయింది. మ్యూజియమంటే చచ్చిన జంతువులు ఉండేదా అని అడిగాడు. బట్టలూ బొమ్మలూ ఉండేదన్నాను. బట్టలు చూడటానికి అంత దూరం నుంచి రావడమేమిటని దారి పొడుగునా విడ్డూరపడ్డాడు. మ్యూజియం పాత ఊళ్ళో ఒక దొరల కాలం నాటి బంగ్లా. మేడ వరండాలోంచి హార్బరు క్రేన్లూ, అవతల డాల్ఫిన్స్ నోస్ కొండా కనిపిస్తాయి. పది నుంచి అయిదు దాకా తెరిచి ఉంటుంది, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా మూసేస్తారు. టిక్కెట్టు అర్ధరూపాయి. మా అత్త దవడ ఉన్న చోటికి మా అత్తకి టిక్కెట్టు ఏమిటని గుమ్మంలోనే గొడవ పెట్టుకోబోయాను. అత్త చెయ్యి పట్టి లాగి, తనే కొంగుముడి విప్పి ఇచ్చింది.

మొదటి గదిలో ఏటికొప్పాక లక్క బొమ్మలు, రెండో గదిలో కలంకారీ తెరలు, బొబ్బిలి వీణ ఒకటి. నిజం చెప్పాలి, బాగున్నాయి. ఆ కలంకారీ ఎరుపు ముందు ఎవరైనా పది నిమిషాలు నిలబడతారు. అత్త మాత్రం దేనిముందూ ఆగలేదు. మూడో గదిలో ఖద్దరు చీరలూ, రాట్నాలూ కనిపించగానే అటు నడిచింది. అక్కడ లేదు. గదంతా రెండుసార్లు తిరిగాం, దవడ జాడ లేదు. చివరికి ఓ మూల వలలూ, గాలాలూ, తెడ్లూ పెట్టిన అద్దాల పెట్టెలో దొరికింది. అత్త అద్దానికి ముక్కు ఆనించి, ఎడమకంటితో చాలాసేపు చూసింది. "ఇదే సత్తీ, నాదే. ఏటి రాసినారో సదువు" అంది.

నేను ముందు ఆ చీటీ మనసులో చదువుకున్నాను. "మత్స్యకారుల దువ్వెన. ఎముక. తల దువ్వుకొనుటకు వాడెదరు." ఒళ్ళు మండిపోయింది. అబద్ధం చెప్పడం ఎంతసేపు పని? అత్తకి చదువు రాదు. పొందూరు సూరమ్మ పత్తి దువ్వెన అని రాశారని చెబితే సంతోషంగా రైలెక్కేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎవడో రాసిన తప్పుకి నేనెందుకు కాపలా కాయాలనిపించింది. ఉన్నది ఉన్నట్టు చదివేశాను.

అత్త ఏడవలేదు, అరవలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆ పెట్టె ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మూట విప్పి, పత్తి తీసి, మంచి దవడతో దువ్వడం మొదలుపెట్టింది. గదికి కాపలా ఉన్న ఎల్లాజీ అనే ఆయన పరుగున వచ్చి ఇక్కడ కూర్చోకూడదు, లేవాలి అన్నాడు.

"ఆ సీటీ మార్సేక ఎల్లిపోతాను నాయినా. అందాకా నా పని నాను సేసుకుంటాను. నీ నేలకేటీ అంటదు," అంది అత్త, తలెత్తకుండానే.

ఆయన నావైపు చూశాడు, చెప్పమన్నట్టు. నేనూ వెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను. నాకు దువ్వడం రాదు, కూర్చోవడం వచ్చు. చూడటానికి వచ్చిన కాలేజీ పిల్లలు నలుగురు చుట్టూ చేరారు. పోర్టులో పనిచేసే ఓ కుటుంబం పిల్లల్ని భుజాలకెత్తుకుని చూసింది. వీణ దగ్గర కూడా అంత మంది లేరు. ఎల్లాజీ వెళ్ళి ఆఫీసరుగారిని వెంటబెట్టుకొచ్చాడు. కళ్ళజోడు పెట్టుకున్న నెమ్మదైన మనిషి, చెడ్డవాడేం కాదు. చీటీలు పైనుంచి వస్తాయని, తప్పుంటే అర్జీ రాసి ఇస్తే పంపిస్తామని, మూడు నాలుగు నెలలు పట్టవచ్చని చెప్పాడు. అసలు ఇది మీదేనని రుజువేమిటని కూడా మర్యాదగానే అడిగాడు.

"పిడి కాడ ఎర్రదారం సుట్టుంటాది బాబూ. కిందేపు మూడు పళ్ళు నేవు. నాను ఇరగ్గొట్టుకున్నవే. తీసి సూడండి," అంది అత్త.

ఆయన తటపటాయించాడు. పెట్టె తాళం తీయాలంటే పెద్దాఫీసుకి రాయాలని ఏదో అనబోయాడు. అప్పుడు, అంతసేపూ మమ్మల్ని లేపాలని చూసిన ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు. "సార్, నాది యారాడ. మా తాత కాడ్నుంచీ సేపలేటే. మావోళ్ళు ఎవులూ దీంతో తల దువ్వుకోరు సార్. మూడేళ్ళనుంచీ ఈ సీటీ సూసి నవ్వుకుంతన్నాను," అన్నాడు. మూడేళ్ళనుంచీ ఎందుకు చెప్పలేదయ్యా అని ఆఫీసరుగారు అడిగితే, నన్నెవరూ అడగలేదు సార్ అన్నాడు. ఆ మాటకి ఆఫీసరుగారి ముఖం చూడాల్సిందే. వెంటనే జేబులోంచి తాళంచెవి తీశాడు.

దవడ బయటికొచ్చింది. వెలిసిపోయిన ఎర్రదారం ఉంది. మూడు పళ్ళు లేవు. ఆయన మా ఎదురుగా నేల మీదే కూర్చుని, రెండు దవడలూ పక్కపక్కన పెట్టుకుని, పత్తి ఎలా దువ్వుతారో ఒకటికి రెండుసార్లు చేయించుకుని చూశాడు. తర్వాత అట్టముక్క తెప్పించి ముత్యాల్లాంటి అక్షరాలతో కొత్త చీటీ రాశాడు. రాసింది గట్టిగా చదివాడు కూడా: వాలుగ చేప దవడ, పక్కన ఆ చేప శాస్త్రీయ నామం, ఖద్దరు నూలుకి పత్తి దువ్వే సాధనం, పొందూరు. చుట్టూ ఉన్నవాళ్ళు సంతోషించారు. నేను కూడా లేచి నిలబడ్డాను. అత్త లేవలేదు.

"సేపకి రెండు పేర్లు రాసినారు బాబూ. ఊరికీ పేరు రాసినారు. దువ్విన మనిసికి పేరు నేదేటి?" అంది.

ఆయన పేర్లు రాసే పద్ధతి లేదని అనలేదు, అర్జీ పెట్టుకోమనలేదు. మూత పెట్టేసిన పెన్ను మళ్ళీ తెరిచి, "మీ పేరు చెప్పండమ్మా" అన్నాడు. పాత దవడని ఈసారి వలల పెట్టెలో కాకుండా రాట్నం పక్కన పెట్టి, ముందు చీటీ పెట్టించాడు. చివరి వరస "దువ్వినది: సూరమ్మ". అత్త నాచేత ఆ వరస మూడుసార్లు చదివించుకుంది. మంచి దవడ ఇస్తావా మరి అని నేను అడిగితే మూటలో కట్టేసుకుంది. పేరు పడ్డాక పాతదైతేనేం, ఇందులో ఇంకా బోలెడు పని ఉందంది. ఒంటిగంట కొట్టేసరికి బయటపడి, స్టేషను రోడ్డులో ఒక మెస్సులో భోంచేశాం. చేపల పులుసు వడ్డించబోతే అది వాలుగేమోనని అత్త వాకబు చేసింది. కాదు, చందువా అని వంటాయన చెప్పాకే వేయించుకుంది.

ఆ ప్రయాణం జరిగి రెండేళ్ళయింది. అత్త కన్ను బాగుపడింది, ఇప్పుడు చక్కగా చూస్తోంది. మొన్న నేను మళ్ళీ ఆ మ్యూజియానికి వెళ్ళాను. ఆ ఆఫీసరుగారు బదిలీ అయ్యారు. చీటీలన్నీ కొత్తగా అచ్చువేయించారు, నున్నగా, అందంగా ఉన్నాయి. చేప పేరు ఉంది, శాస్త్రీయ నామం ఉంది, పొందూరు ఉంది. చివరి వరస లేదు. ఎల్లాజీ నన్ను గుర్తుపట్టి తల దించుకున్నాడు, తప్పు ఆయనది కాకపోయినా. ఈ సంగతి నేను అత్తకి చెప్పలేదు, చెప్పను కూడా. చెప్పాల్సిన పని పడకముందే ఆ వరసని వెనక్కి తెప్పిస్తాను. మనవాళ్ళు వస్తువుని దాచుకోవడంలో చూపే శ్రద్ధలో పదోవంతు దాన్ని వాడిన చేతుల మీద చూపరు. బతిమాలితే చూపిస్తారన్న భ్రమ నాకు లేదు, కూర్చుంటే చూపిస్తారని మాత్రం కళ్ళారా చూశాను. మీరు వెళ్ళేటట్టయితే చిన్న సలహా. గుమ్మం దగ్గర బల్ల మీద సందర్శకుల అభిప్రాయాల పుస్తకం ఉంటుంది. మొన్న అందులో నేను ఒక్క ముక్కే రాశాను: "మూడో గదిలో దవడతో పత్తి దువ్వినది సూరమ్మ." వెళ్ళిన ప్రతిసారీ అదే రాస్తాను, మీరూ రాయండి. అక్కడ దారంతో కట్టిన పెన్నులో సిరా ఉండదు. మీ పెన్ను మీరే తీసుకెళ్ళండి.