కెజియాకి దిష్టి తీసిన రోజు

మా ఊరి హైస్కూలు గ్రౌండులో ఒక మధ్యాహ్నం ఆటగత్తెలు, రిఫరీ, సర్పంచి గారు, ఐసుబండి అబ్బాయితో సహా అందరూ కళ్ళు మూసుకుని నాలుగు దిక్కులా పరిగెత్తారు. భూకంపం రాలేదు, తేనెటీగలు లేవలేదు. లేచింది నేను. అప్పటికి నాది తొమ్మిదో తరగతే గానీ, నా తెలివికి నేనే ఎమ్మే దాకా పట్టాలు ఇచ్చేసుకుని ఉన్నాను. ఆ తెలివి ఏం చేసిందో చెబుతాను, నవ్వుకోండి. నాకేం పర్లేదు, మా ఊరు ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

మాది పర్చూరు దగ్గర పల్లె. మా స్కూలు ఆడపిల్లల కబడ్డీ జట్టంటే చుట్టుపక్కల స్కూళ్ళకి హడల్. అందులో చేరదామని నేనూ వెళ్ళాను. మొదటిరోజే కూతకెళ్ళి, ఎదుటివాళ్ళు పట్టుకోకముందే నా కాలు నాకే అడ్డంపడి బోర్లా పడ్డాను. పీఈటీ మేడం నన్ను లేపి, దుమ్ము దులిపి, "సుభా, నీకు కాళ్ళకంటే గొంతు బాగుందమ్మా" అన్నారు. అలా పుట్టింది మా ఉత్సాహ దళం. జట్టులోకి రాని వాళ్ళమంతా సభ్యులం, నేను నాయకురాలిని. రంగుకాగితాల కుచ్చులు, స్టీలు పళ్ళేలు, గరిటెలు మా ఆయుధాలు. మా నినాదం నేనే కట్టాను:

"ఎవరాపేది? ఎవరాపేది? కెజియా కూత ఎవరాపేది?"

కెజియా మా జట్టు కెప్టెను, నా బెంచీ స్నేహితురాలు. కబడ్డీ తెలియని మహానుభావులు ఎవరైనా ఉంటే వాళ్ళకోసం ఒక్క ముక్క. కూతకెళ్ళిన మనిషి ఊపిరి ఆపకుండా "కబడ్డీ కబడ్డీ" అంటూ ఎదుటివాళ్ళని ముట్టుకుని గీత దాటి వెనక్కి రావాలి. మధ్యలో కూత తెగితే ఔట్. కెజియా కూత మాత్రం చర్చి మైకు లాంటిది. ఒకసారి మొదలైతే ఇక ఆగదు.

ఆ ఏడాది వానలవల్ల పోటీలు వెనక్కి జరిగి జరిగి మాఘమాసంలోకి వచ్చి పడ్డాయి. ఫైనల్ మా గ్రౌండులోనే. జిల్లా జట్టుకి పిల్లల్ని ఎంచడానికి ఇద్దరు పెద్దవాళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళు ఎంచితే కెజియాకి హాస్టలూ చదువూ అన్నీ వాళ్ళే చూసే క్రీడా పాఠశాలలో సీటు. లేకపోతే వాళ్ళమ్మ ముందే చెప్పేసింది: "ఈసారి కుదరకపోతే ఆటలు కట్టిపెట్టి నాతోపాటు మిరపకాయల తొడిమలు తీయడానికి రా." ఆ మాట నాకు చెప్పేటప్పుడు కెజియా నవ్వలేదు. నవ్వకపోతే కెజియా కాదు.

మొదటి సగం మావాళ్ళకి కలిసిరాలేదు. కెజియా రెండుసార్లు దొరికిపోయింది. విరామంలో చూస్తే మడమ పట్టుకుని కూర్చుంది. నాకు వెంటనే అర్థమైపోయింది.

"ఏమే, నీకు దిష్టి తగిలిందే! పొద్దున ఆ కుర్చీలో పెద్దాయన నిన్ను చూసి 'అబ్బ, ఏం పిల్లరా' అనలా? అదే!"

"మాకు దిష్టులూ గిష్టులూ లేవే. అమ్మ ప్రార్థన చేసే పంపింది."

"ప్రార్థన ప్రార్థనే, దిష్టి దిష్టే. రెండూ అయితే ఇంకా గట్టి. నువ్వు కదలకుండా కూర్చో."

"మంచినీళ్ళిస్తే చాలే తల్లీ!" అంది. నేను వింటేగా!

మామూలుగా దిష్టికి గుప్పెడు ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పు చాలు. తల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే గట్టిగా ఉన్నట్టు. కానీ మా ప్రహరీ అవతలే కళ్ళం, కళ్ళం నిండా ఎర్రగా ఎండుతున్న కాయలు. అలాంటి ఊళ్ళో పుట్టి గుప్పెడుతో సరిపెట్టనా? జట్టు మొత్తానికీ కలిపి బుట్టెడు ఎత్తుకొచ్చాను. మధ్యాహ్న భోజనం వండే రత్తమ్మత్త అటు తిరగ్గానే పొయ్యిలో నిప్పులు ఇనప బక్కెట్లోకి తోడాను. కెజియా చుట్టూ తిప్పి, బుట్ట మొత్తం బక్కెట్లో గుమ్మరించాను.

ఏమీ రాలేదు. ఘాటు లేదు, పొగ లేదు.

"చూశారా! ఎంత దిష్టి ఉందో చూశారా!" అని మా దళం వైపు తిరిగి అరిచాను.

అన్ని కాయలు ఒక్కసారి కుమ్మరిస్తే నిప్పు ఊపిరాడక మూలుగుతుందన్న సంగతి ఎమ్మే బుర్రకి ఎందుకు తడుతుంది? పరీక్ష అట్ట తీసుకుని విసరడం మొదలుపెట్టాను. ఇంకో బుట్టెడు తెచ్చి పోశాను. ఈలోపు విజిలేశారు. బక్కెట్ కోర్టు పక్కనే వదిలేసి, పళ్ళెం అందుకుని దళంతో కలిసి గొంతు చించుకున్నాను.

"ఎవరాపేది? ఎవరాపేది?"

కెజియా కూతకెళ్ళింది. ఒకమ్మాయిని ముట్టుకుంది. సరిగ్గా అప్పుడే బక్కెట్ అంటుకుంది, గాలి కూడా అటే తిరిగింది.

"కబడ్డీ కబడ్డీ కబ... హాఛ్! ఖళ్! ఖళ్!"

ఎవరాపేది అని పొద్దుట్నుంచీ అడుగుతున్నాను కదా, నేనేనండీ ఆపింది.

ఆ తర్వాతి సంగతి చెప్పడానికి నోరు చాలదు. ఎదుటి జట్టు అమ్మాయిలు దగ్గుకుంటూ గీతలు దాటి గోడదాకా పరిగెత్తారు. మైకతను "దయచేసి ప్రేక్షకులు..." అని, మిగతాదంతా దగ్గులోనే ప్రకటించాడు. సర్పంచి గారు ఐసుబండిలో తల దూర్చారు. రత్తమ్మత్త ముక్కుకి కొంగు అడ్డంపెట్టుకుని బిందెడు నీళ్ళు బక్కెట్లో కుమ్మరించి నా మీద పడింది.

"ఇంత ఘాటొచ్చిందంటే ఆ పిల్లకి దిష్టే లేదే పిచ్చిమొహమా! ఎవరికి తీశావే?"

పొగ తగ్గాక అసలు గొడవ మొదలైంది. ఎదుటి కోచ్ గారు, "కూత తెగింది, అమ్మాయి ఔట్!" అన్నారు.

మా మేడం, "మీ పిల్లలందరూ హద్దు గీత దాటి పోయారండీ, అందరూ ఔటే!" అన్నారు.

"ముందు కూత తెగింది!"

"ముందు మీవాళ్ళు పరిగెత్తారు!"

ఇద్దరూ రిఫరీ వైపు తిరిగారు. ఆయన కళ్ళు టమాటాల్లా ఉన్నాయి. "నన్నడక్కండి బాబూ. అందరికంటే ముందు పరిగెత్తింది నేనే" అన్నాడు.

చివరికి ఆ కూత లెక్కలోకి రాదని తేల్చారు. అయితే ఉత్సాహ దళం గ్రౌండులో ఉండకూడదన్నది ఎదుటి కోచ్ గారి షరతు. మా మేడం ఒక్క మాట కూడా అడ్డం చెప్పకుండా ఒప్పుకున్నారు. మమ్మల్ని పదో తరగతి గదిలోకి తోలి, పళ్ళేలు లాక్కుని, బయట గడియ పెట్టారు.

ఆ గదిలో నేను ఏడ్చాను. నటన కాదు, పొగా కాదు. కెజియా తొడిమలు తీస్తూ కూర్చున్నట్టే కనిపిస్తోంది, దానికి కారణం నేనే. ఆంజనేయస్వామికి మొక్కాను, వాళ్ళ ఏసయ్యకీ మొక్కాను. బయట చప్పుడు లేదు. మేము లేని గ్రౌండు అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది. చాలాసేపటికి ఒక్కసారిగా ఊరంతా హోరుమంది. గెలిచిందెవరో తెలియక మేమంతా కిటికీ ఊచలు పట్టుకుని కోతుల్లా వేలాడాం.

గడియ తీసింది కెజియానే. ఒళ్ళంతా మట్టి. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"గెలిచామే! నన్ను జిల్లాకి తీసుకున్నారే!"

నేను కౌగిలించుకుని ఏడుస్తూనే అడిగాను, "మేము లేకుండా ఎలా ఆడావే? భయం వెయ్యలా?"

అది నా మొహంలోకి చూసి, ఎంత ప్రేమగా చెప్పిందో వినండి.

"సుభా, ఒట్టు! మీ పళ్ళేల మోతలో పొద్దుట్నుంచీ నా కూత నాకే వినపడలేదే. నువ్వు లోపలికెళ్ళాకే ఊపిరి కుదిరింది."

కాబట్టి పాఠకమహాశయులారా, మా కళ్ళం మిరపకాయల మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను. నా ప్రాణస్నేహితులు ఏ పోటీలో నిలబడినా, వాళ్ళ గెలుపు మనస్ఫూర్తిగా కోరుకుంటూ, ఏదో ఒక గదిలోకి వెళ్ళి, బయట గడియ పెట్టమని నేనే అడుగుతాను.