నా చెవికి కాసిన జీడిపిక్క

మా ఇంట్లో ఆడపిల్లకు చెవులు రెండుసార్లు కుట్టిస్తారు. ఏడాది నిండకముందు ఒకసారి, ఓణీ వేశాక కాస్త పైన ఇంకోసారి. మొదటిసారి నాకేమీ కాలేదు. రెండోసారి కుట్టించింది తొంభైల్లో, మా ఊరికి ఎస్టీడీ బూత్ వచ్చిన కొత్తలో. కంసాలి నన్ను వీధి అరుగు మీద కూర్చోబెట్టి సన్నటి బంగారు తీగతో కుట్టాడు. పుండ్లు మానాయి. ఎడమ చెవి బుద్ధిగా ఊరుకుంది. కుడి చెవికి మాత్రం, మానిన చోట బియ్యపుగింజంత గడ్డ లేచింది.

నాయనమ్మ దాన్ని వేళ్ళతో నలిపి చూసి, ఆ కంసాలిది హస్తవాసి మంచిది కాదని తేల్చేసింది. ఆవకాయ కలిపే చెయ్యి, విత్తనం చల్లే చెయ్యి, సూది వేసే చెయ్యి, అన్నిటికీ ఆవిడ దగ్గర మార్కులుండేవి. ఆవిడ తీర్పు మీద మా ఇంట్లో అప్పీలు లేదు. చెయ్యి మారిస్తే సరిపోతుందని మండపేట నుంచి మరో కంసాలిని పిలిపించి, ఆ గడ్డ పక్కనే మళ్ళీ కుట్టించింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పుండు తెచ్చిన రోగానికి ఇంకో పుండు మందట! అప్పుడు మాత్రం అందరం ఆ మండపేట చేతిని నమ్మాం.

రెండో గడ్డా లేచింది. రెండూ కలిసిపోయి, గట్టిగా, నున్నగా, ఎర్రగా తయారయ్యాయి. నా చెవికి జీడిపిక్క కాసిందని బళ్ళో పిల్లలు కనిపెట్టారు. నేను జడ కుడి భుజం మీంచి ముందుకు వేసుకోవడం మొదలుపెట్టాను. చివరికి మా ఊరి ఆరెంపీ డాక్టరు మత్తుసూది వేసి దాన్ని కోసేశాడు. దూదిలో పెట్టి అందరికీ చూపించాడు కూడా. హస్తవాసి అంటే ఈయనదని నాయనమ్మ మురిసిపోయింది.

కొన్ని నెలలకు అది తిరిగొచ్చింది. ఈసారి చెవి తమ్మె మొత్తాన్ని ఆక్రమించి, కన్నం ఎక్కడుందో కూడా కనబడకుండా చేసింది. అద్దంలో చూసుకుని నేను హడలిపోయాను. కోసి పారేసింది, కోసినదానికంటే పెద్దదై మళ్ళీ రావడమేమిటి? కేన్సర్ అన్న మాట అమ్మ పైకి అనలేదు. అన్నం మాత్రం సరిగ్గా తినడం మానేసింది.

ఆఖరికి అమ్మ నన్ను కాకినాడలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చూసీ చూడగానే ఇది కేన్సర్ కాదు, కీలాయిడ్ అన్నారు. గాయాన్ని పూడ్చడానికి ఒళ్ళు కొత్త కండ పోస్తుందట. కొందరిలో గాయం మానినా అది ఆగదట, హద్దు దాటి పెరుగుతూనే ఉంటుందట. కుట్టిన చేతిదేమీ తప్పు లేదన్నారు. ఉత్తినే కోసి వదిలేస్తే అది మరో గాయం, ఇంకా రెచ్చిపోతుంది. కొన్ని వారాలకొకటి చొప్పున గడ్డలోకే ఇంజక్షన్లు ఇవ్వాలి, తర్వాత తమ్మెను నొక్కిపెట్టే క్లిప్పు పెట్టుకోవాలి, అయినా మళ్ళీ రాదని మాట ఇవ్వలేనన్నారు. అసలు మంచి మందు అక్కర్లేని కన్నం పొడిపించుకోకపోవడమే. ఇది వంశంలో కూడా నడుస్తుందని చెప్పి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. అమ్మ గోడ మీది కేలండరు వైపు చూస్తూ, "ఎవరికీ లేదండి" అంది.

మొదటి ఇంజక్షన్ అప్పుడే ఇచ్చారు. అంత గట్టి గడ్డలోకి మందు దిగనంటుంది. ఆయన నొక్కుతుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది. బస్సు సామర్లకోట దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద మూడో కంసాలి. తుని నుంచి చుట్టపుచూపుగా వచ్చాడట, చెయ్యి చాలా మంచిదట. అతని ఎదురుగా మా చెల్లి, చెవుల మీద సిరా చుక్కలతో. కండ ముదరకముందే దీనికి రెండోది కుట్టించేస్తే పీడా పోతుందని నాయనమ్మ ఆలోచన.

అమ్మ చెప్పులైనా విప్పకుండా వద్దంది. డాక్టరు చెప్పిందంతా గడగడా చెప్పింది.

"వంశమంటే ఎవరికుందే మనింట్లో? డాక్టర్లు అలాగే అంటారు. నువ్వు కానివ్వు నాయనా" అంది నాయనమ్మ. కంసాలి తీగ చేతిలోకి తీసుకున్నాడు.

అమ్మ అతనికి వీపు తిప్పి, పైట తొలగించి, జాకెట్టు పై హుక్కులు తీసింది.

"నాకుందండి అత్తయ్యగారూ."

గుండెల మధ్య ఎముక మీద, పీత కాళ్ళు చాపుకున్నట్టు ఎర్రటి గడ్డ. కాపురానికొచ్చిన కొత్తలో గంజి వారుస్తుంటే చింది కాలిందట. మానిన చోట అలా పెరుగుతుంటే, కోడలికేదో రోగముందని పుట్టింటికి పంపేస్తారని భయపడి దాచేసిందట. ఎండాకాలంలో కూడా మెడ దాకా మూసిన జాకెట్లు ఎందుకో నాకప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ అమ్మా నాయనమ్మా ఒకే పొయ్యి దగ్గర వండారు.

"పెట్టె సర్దుకో నాయనా" అంది నాయనమ్మ కంసాలితో.

నాకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. ఆ హుక్కులేవో నాకు కుట్టించకముందు తీసి ఉంటే నా చెవి నాకు దక్కేది. అమ్మ నా ముఖం చూసి, "తెలీదే తల్లీ. నాదీ నీదీ ఒకటేనని ఇవాళ ఆయన చెప్పేదాకా తెలీదు" అంది.

"మరి ఆయన అడిగితే లేదన్నావేం?"

"చూపించమంటారని."

అమ్మ అక్కడే హుక్కులు పెట్టుకోబోయింది. గదిలోకి తీసుకెళ్ళి నేనే పెట్టాను. నా వేలు ఆ గడ్డకు తగిలి అమ్మ ఉలిక్కిపడింది. నొప్పా అని అడిగాను.

"నొప్పి లేదు. దురదే. చెమట పడితే మరీను."

"నాకూ అంతే" అన్నాను.